జిగ్గుకు తలంటు పోసిన రోజు

పిల్లలూ, మీరిప్పుడు ట్రైనింగంటే ఏసీ గదిలో ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, సర్టిఫికెట్టు మెయిల్లో తెప్పించుకుంటున్నారు. తెప్పించుకోండి, నాకేం కడుపుమంట లేదు. కొంచెం ఉంది గానీ అది వేరే సంగతి. నేను చెప్పబోయేది తొంభైల చివర్లో మాట. అప్పట్లో నేను గోదావరి జిల్లాలో ఒక పాలిటెక్నిక్‌లో లెక్చరర్‌ని. చెప్పేది మోటారు వాహనాల తయారీ. చీర కట్టుకున్న మనిషి గేర్‌బాక్సు పాఠం చెబుతోందంటే పక్క బ్రాంచి కుర్రాళ్ళు కిటికీలోంచి తొంగి చూసి, నమ్మకం కుదిరాక వెళ్ళేవారు.

మాది శాండ్‌విచ్ డిప్లొమా. కొన్నాళ్ళు కాలేజీ, తర్వాత కొన్నాళ్ళు ఫ్యాక్టరీలో పని, మళ్ళీ కాలేజీ. ఎవరు పెట్టారో గానీ ఆ పేరు తల్లిదండ్రులకి ఎక్కేది కాదు. మా వైపు మనుషులకి అప్పజెప్పి ఉంటే శుభ్రంగా పూతరేకు కోర్సు అని పెట్టేవాళ్ళు, ఒక పొర చదువు, ఒక పొర పని అని అందరికీ అర్థమయ్యేది. ఆ పని పొరకి ఇన్‌ఛార్జిని నేనే. అంటే మోపెడ్ వేసుకుని కాలవగట్ల వెంట ఫ్యాక్టరీలు తిరగడం, మా పిల్లల్ని కాస్త చూసుకోండి బాబూ అని ఓనర్లని బతిమాలడం, వెళ్ళిన ప్రతిచోటా టీ తాగడం. వద్దంటే వాళ్ళకి చిన్నతనం, తాగితే నాకు కడుపులో మంట. ఇందాక లేదన్న కడుపుమంట అక్కడిదే కావచ్చు.

ఆ ఏడు మా క్లాసులో ఒకే ఒక్క ఆడపిల్ల ఉండేది. బక్కపల్చటి మనిషి, మాట తక్కువ, కొలత ఎక్కువ. హాస్టల్లో ఇడ్లీ రోజురోజుకీ పల్చబడుతోందని వెర్నియర్ స్కేలుతో కొలిచి వార్డెన్ ముందు పెట్టిన ఘనురాలు. వార్డెన్ ఆ అమ్మాయి మీద కంప్లయింటు రాసి ప్రిన్సిపాల్ గారికి పంపింది. ఇడ్లీ మాత్రం మర్నాటి నుంచి లావెక్కింది.

ఈ పిల్లకి ట్రైనింగ్ చోటు దొరకడం బ్రహ్మప్రళయమైంది. అబ్బాయినైతే పంపండి మేడమ్ గారూ అన్నవాళ్ళే అందరూ. చివరికి రామచంద్రపురం అవతల ఒక ఓనరు దగ్గరికి వెళ్ళాను. ఆయన ట్రాక్టరు ట్రక్కులు, పొలాల్లో దమ్ము చేసే ఇనప చక్రాలు తయారుచేయిస్తారు. కొత్తగా మద్రాసులో ఒక ట్రాక్టర్ల కంపెనీ నుంచి చక్రాల మధ్య బిగించే ప్లేట్ల ఆర్డరు సంపాదించారు. పెద్ద మనసు, పెద్ద పొట్ట, ఎవరికీ కాదని చెప్పలేని నోరు. మా వైపు మర్యాదస్తులు కాదనాల్సి వచ్చినప్పుడు "చూద్దాం లెండి" అంటారు. అడిగినవాడు అర్థం చేసుకుని, టీ తాగి, లేచి వెళ్ళాలి. ఆయనా నాతో "చూద్దాం లెండి మేడమ్ గారూ" అన్నారు. నేను అర్థం కానట్టే టీ తాగి, మర్నాడే పిల్లని తీసుకెళ్ళి ఆయన షెడ్డులో దింపేసి వచ్చాను. ఇంటికొచ్చిన ఆడపిల్లని పొమ్మనలేక ఆయన కుర్చీ వేయించారు. అది దసరా వెళ్ళిన మర్నాటి సోమవారం. దసరా అన్న మాట కాస్త గుర్తుంచుకోండి.

కొన్ని వారాలకి ప్రిన్సిపాల్ గారి గదికి ఫోనొచ్చింది. "మేడమ్ గారూ, ఒక్కసారి వచ్చి వెళ్ళండి. ఫోన్లో చెప్పేది కాదండి" అన్నారు ఓనరు గారు. ఫోన్లో చెప్పలేనిది ఎదురుగా చెప్పగల మనిషి కూడా కాదాయన. వెళ్ళగానే టీ ఇచ్చారు, ఆ తర్వాత జంతికలు, అవీ అయ్యాక వానల సంగతి. నేను గ్లాసు కింద పెట్టి "అసలు సంగతి చెప్పండి" అన్నాను.

"అమ్మాయి బంగారమండి. పేరు పెట్టడానికి లేదు. కాకపోతేనండి..."

"కాకపోతే?"

"మద్రాసు పంపిన లోడు తిరిగొచ్చేసిందండి. ప్లేట్ల చిల్లులు చక్రానికి కూర్చోటం లేదంట. ఇన్నేళ్ళలో నా లోడు తిరిగొచ్చింది లేదు. ఈ అమ్మాయి కాలు పెట్టింది, లోడు తిరిగొచ్చింది. నేననటం లేదండోయ్, జనం అంటన్నారు."

జనం అంటే ఎవరా అని చుట్టూ చూశాను. డ్రిల్లింగు మిషను దగ్గర మేస్త్రీ గారు ఒక్కరే ఉన్నారు. ఆయన నన్ను చూసి తల దించుకున్నారు. ఇన్నేళ్ళూ ఓనరు గారి సరుకు వెళ్ళింది చుట్టుపక్కల ఊళ్ళ రైతులకి. చిల్లు కుదరకపోతే రైతు సుత్తి తీసుకుని నాలుగు మోది కుదిర్చేసుకునేవాడు. లోడు తిరిగి రాకపోవడంలో పాదాల మహిమ కన్నా సుత్తి మహిమే ఎక్కువ. ఈ మాట నాలుక చివరిదాకా వచ్చింది గానీ, ఆయన జంతికలు తిని ఉన్నాను కదా, మింగేశాను.

"కొత్త లోడు వారంలో పంపాలండి. ఈ ఒక్కసారికి అమ్మాయిని తీసుకెళ్ళిపోండి. మళ్ళీ ఎప్పుడైనా చూద్దాం" అన్నారాయన.

మధ్యలో పంపేస్తే ఆ పిల్లని మరే ఫ్యాక్టరీ తీసుకోదు. ట్రైనింగ్ పూర్తికాకపోతే డిప్లొమా లేదు, ఏడాది గోవిందా. అంతేకాదు, ఇంకొక్క కంప్లయింటు వస్తే వచ్చే ఏటి నుంచి ఈ కోర్సులో ఆడపిల్లల్ని చేర్చుకునేది లేదని మా ప్రిన్సిపాల్ గారు ఇడ్లీ గొడవప్పుడే తేల్చి చెప్పారు. కింది క్లాసులో అప్పటికే ఇద్దరు చేరి, ఈ అక్కనే చూస్తూ కూర్చున్నారు.

"కొత్త లోడు వెళ్ళేదాకా ఉండనివ్వండి. అప్పటికీ కుదరకపోతే నేనే వచ్చి తీసుకెళతాను" అన్నాను.

"చూద్దాం లెండి" అన్నారు నీరసంగా.

"అయితే సరేనన్నమాట. చాలా సంతోషమండి" అని లేచి షెడ్డులోకి నడిచాను.

మా అమ్మాయిని అప్పటికే మిషన్ల దగ్గరికి రానివ్వకుండా ఓ మూల బోల్టులు ఏరమని కూర్చోబెట్టారు. బోల్టులు ఏరినట్టే ఏరుతూ, తిరిగొచ్చిన ప్లేట్లన్నీ ఒక్కొక్కటే కొలిచి సుద్దముక్కతో గుర్తులు పెట్టుకుంది. నన్ను చూడగానే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి గానీ కారనివ్వలేదు.

"మేడమ్, నన్ను పంపేస్తారటాండీ?"

"ఆ సంగతి తర్వాత. ప్లేట్లు ఏమంటున్నాయి?"

"అన్ని చిల్లులూ ఒకే వైపుకి జరిగాయండి. మొదట్లో వాటికి కొంచెం, తర్వాత వాటికి ఇంకొంచెం. రానురానూ ఎక్కువవుతోందండి."

ఇక్కడ జిగ్గు అంటే ఏమిటో చెప్పాలి. ప్రతి ప్లేటుకీ కొలిచి గుర్తు పెట్టుకుంటూ చిల్లులు వేస్తే తెల్లారిపోతుంది. అందుకని ఇనుముతో ఒక పీటలాంటిది చేయిస్తారు. ప్లేటును అందులో ఒక దిమ్మకి ఆనించి బిగిస్తే, పైనుంచి దిగే డ్రిల్లు ప్రతిసారీ ఒకే చోట పడుతుంది. ప్లేటు ఆనే దిమ్మ వెంట్రుకంత జరిగినా చిల్లు జరిగిపోతుంది. అంతకంటే తెలుసుకోనక్కరలేదు, పరీక్ష పెట్టను.

నేను నా పాండిత్యమంతా బయటికి తీశాను. డ్రిల్లు వంగిందేమో అన్నాను. చూశానండి, వంగలేదంది. డ్రిల్లు దూరే గొట్టాలు అరిగాయేమో అన్నాను. కొత్తవండి అంది. మిషను బల్ల ఊగుతోందేమో అన్నాను. తల అడ్డంగా ఊపింది. నేను క్లాసులో బోర్డు నిండా రాయించిన కారణాలన్నీ అయిపోయాయి, ఆ పిల్ల తల ఊపడం మాత్రం ఆగలేదు. నాకు ఒళ్ళు మండింది, లోపల్లోపల బోలెడంత గర్వంగానూ ఉంది. అప్పుడా అమ్మాయి ఒక ప్లేటు తెచ్చి అంచు నా ముక్కు దగ్గర పెట్టింది.

"వాసన చూడండి మేడమ్."

అంచున కాస్త పచ్చగా ఉంది. రంగనుకున్నాను. వాసన చూస్తే శుభ్రమైన పసుపు.

ఇద్దరం జిగ్గు దగ్గరికి వెళ్ళాం. ప్లేటు ఆనే దిమ్మ ముందువైపు నున్నగా, వెడల్పుగా, అచ్చం నుదురులా ఉంది. ఆ నుదుటి మీద పసుపు, దాని మీద కుంకుమ, ఆపైన మళ్ళీ పసుపు. ఆయుధపూజ నాడు మేస్త్రీ గారు కొత్త జిగ్గుకి భక్తిగా బొట్టు పెట్టారు. తర్వాత ప్రతి శుక్రవారం పాత బొట్టు మీదే కొత్త బొట్టు. బొట్టు చెరపకూడదు కదా! ప్లేట్లు బిగించినప్పుడల్లా అది అణిగి అణిగి రాయిలా గట్టిపడింది. మద్రాసు కంపెనీ వాళ్ళ ప్లేటు మా అమ్మవారి బొట్టుకి ఆనుకుని చిల్లులు వేయించుకుంటోంది.

నాకు నవ్వాగలేదు. నవ్వుతూనే "మేస్త్రీ గారూ, ఇది కాస్త తుడిచేద్దామాండీ?" అన్నాను.

ఆయన రెండు చెవులూ మూసుకున్నారు. "తప్పు తప్పు! ముత్తైదువై ఉండి బొట్టు తుడవమంటారేంటండీ? నా సర్వీసులో అలాంటి మాట వినలేదు."

ఓనరు గారొచ్చారు. కొలతలు చూపించాం, పసుపు చూపించాం. ఆయనకి అర్థమైంది, అర్థమైనందుకు మరింత భయమేసింది. "నిజమేననుకోండి. కానీ బొట్టు తుడిచిన మిషను ఎలాగండి బాబూ వాడతాం? ఏమన్నా జరిగితే?" అన్నారు.

మా అమ్మాయి చేతిలోకి మిషన్లు తుడిచే నూలుపీచు తీసుకుని అడుగు ముందుకేసింది. చటుక్కున చెయ్యి పట్టుకుని ఆపాను. ఒక్క తుడుపుతో పోయేదే. కానీ ఆ తర్వాత ఆ షెడ్డులో ఎవరి వేలు తెగినా, ఎవరి గేదె ఎండిపోయినా, ఈ పిల్ల బొట్టు తుడవబట్టే అంటారు. ఆ ఊళ్ళో వానలు పడకపోయినా ఈ పిల్లదే పూచీ.

షెడ్డు పక్కనే ఓనరు గారి ఇల్లు. వాళ్ళమ్మగారు వసారాలో కూర్చుని చింతపండు పిక్కలు తీస్తున్నారు. నేను వెళ్ళి పక్కన కూలబడి, నేనూ నాలుగు పిక్కలు తీసి, మెల్లగా అడిగాను.

"మామ్మగారూ, పూజగదిలో అమ్మవారికి నిన్నటి బొట్టు మీదే ఇవాళ్టి బొట్టు పెడతారాండీ?"

"అదేం ప్రశ్నమ్మా? స్నానం చేయించి, తుడిచి, అప్పుడు కదా బొట్టు! పెద్ద చదువులు చదివావు, ఆ మాత్రం తెలీదా?"

"నాకు తెలుసండి. పాపం మీ షెడ్డులో అమ్మవారికే దసరా నుంచి స్నానం లేదట. బొట్టు మీద బొట్టు, దాని మీద ఇంకో బొట్టు. మనకెందుకులే అనుకున్నాను గానీ, చూడబుద్ధి కాలేదండి."

"దసరా నుంచా!" అని ఆవిడ చింతపండు బుట్ట అవతలికి నెట్టి, చెంగు దోపుకుని లేచారు. ఆ వయసులో అంత జోరుగా నడవగలరని నేననుకోలేదు. గుమ్మంలోంచే కేకలు మొదలుపెట్టారు. "ఒరే అబ్బాయ్! స్నానం లేకుండా, మైల బొట్టుతో అమ్మవారిని నిలబెట్టార్రా? లోడు తిరిగిరాక ఏమవుద్దిరా? పైగా పరాయి పిల్లని ఆడిపోసుకుంటన్నారా?"

"అది ఇనప ముక్కేనమ్మా..." అని ఓనరు గారు నసిగారు.

"ఇనప ముక్కైతే బొట్టెందుకెట్టారు? అమ్మవారైతే స్నానమెందుకు చేయించలేదు? ఏదో ఒకటి చెప్పు!"

నేను ఇన్నేళ్ళు పాఠాలు చెప్పాను గానీ అంత గట్టిగా ఎవర్నీ కట్టిపడెయ్యలేదు. ఆయన మేస్త్రీ గారి వంక చూశారు, మేస్త్రీ గారు నేల వంక చూశారు. మామ్మగారు నీళ్ళ బిందె తెమ్మన్నారు. ఈసారి మా అమ్మాయి గొంతు లేచింది.

"మామ్మగారూ, నీళ్ళు పోస్తే తుప్పు పడుతుందండి. కిరసనాయిలైతే..."

మామ్మగారు ఒక్క క్షణం ఆలోచించి, "ఎవరికి ఏది పడితే దాంతోనే పొయ్యాలి. మందపల్లిలో శనీశ్వరుడికి నూనె పొయ్యటం లేదూ? కానివ్వండి" అన్నారు.

కిరసనాయిలు ఇత్తడి చెంబులో తెచ్చారు. ఓనరు గారు చెప్పులు విడిచి, పంచె బిగించి, భక్తిగా ధారగా పోశారు. మేస్త్రీ గారు పాత పళ్ళబ్రష్షుతో రుద్దారు. రుద్దుతూ కండువాతో కళ్ళు తుడుచుకున్నారు, కిరసనాయిలు మంట కాదు. "దసరా నాడు నా చేత్తో పెట్టానమ్మా. మంచి జరగాలనే పెట్టాను" అన్నారు. ఆ మాటకి నాకు నవ్వు పోయింది. అప్పటిదాకా ఆయన మీద ఉన్న కోపం కూడా పోయింది.

దిమ్మ అద్దంలా తళతళలాడింది. మేస్త్రీ గారు అలవాటుగా కుంకుమ భరిణె తీశారు. మా అమ్మాయి జిగ్గు పీట ముందంచున, ప్లేటు తగలని చోట, నీలం రంగుతో గుండ్రంగా గీసి, "మళ్ళీ మీరే పెట్టాలండి. కానీ ఇక్కడండి" అంది.

"నుదురు అది కదా అమ్మా?"

"అది నుదురు కాదండి మేస్త్రీ గారూ. ప్లేటు వీపు ఆనించి కూర్చునే చోటు. చేరగిలబడే చోట ఎవరన్నా బొట్టు పెడతారాండీ?"

మేస్త్రీ గారు చూశారు, తల గోక్కున్నారు, పకపకా నవ్వారు. "ఇన్నాళ్ళూ అమ్మవారి కుర్చీకి పెట్టానన్నమాట" అని నీలం గీత దాటకుండా బొట్టు పెట్టారు. తర్వాత ఆయన వేసిన మొదటి ప్లేటు ఆ అమ్మాయి కొలుస్తుంటే అందరం చుట్టూ మూగాం. "సరిపోయిందండి" అంది. మేస్త్రీ గారు అదే మాట రెండోసారి చెప్పించుకున్నారు.

మీకు ఉత్కంఠ కావాలంటే టీవీ సీరియళ్ళున్నాయి గనుక ముందే చెప్పేస్తున్నాను, ఆ కొత్త లోడు మద్రాసులో పాసైపోయింది. కథ అక్కడ లేదు. లోడు ఇంకా షెడ్డు దాటకముందే ఓనరు గారు మారిపోయారు, నేను చెప్పాలనుకున్నది అది. వారం తిరక్కుండా మా అమ్మాయి అపశకునం కాస్తా అదృష్టలక్ష్మి అయి కూర్చుంది. బోల్టుల మూల పోయి కుషన్ కుర్చీ వచ్చింది. పొద్దున్నే షెడ్డులో మొదటి అడుగు ఆ పిల్లే పెట్టాలి, అదీ కుడికాలు. అప్పటిదాకా ఎవరూ స్విచ్ వెయ్యకూడదు. ఒకరోజు ఆ పిల్ల బస్సు తప్పితే షెడ్డు షెడ్డంతా గేటు బయట నిలబడిందట.

లోడు వెళ్ళే రోజు నన్నూ పిలిచారు. పిల్ల నన్ను పక్కకి లాగి ఈ కథంతా చెప్పింది.

"గౌరవమే కదే, ఊరుకో. నా ఉద్యోగంలో నాకెవరూ కుషన్ కుర్చీ వెయ్యలేదు" అన్నాను.

"రేపు ఇంకేదైనా లోడు తిరిగొస్తేనండీ?" అంది.

నేను టీ తాగాను.

లారీ గేటు దగ్గర సిద్ధంగా ఉంది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు, మేస్త్రీ గారు కొబ్బరికాయ కొట్టారు. ఓనరు గారు నీళ్ళు నింపిన ఇత్తడి చెంబు స్వయంగా పట్టుకుని షెడ్డులోకి వచ్చారు. మా అమ్మాయి తర్వాతి లోడు ప్లేట్లు కొలుస్తోంది.

"అమ్మా, ఈ చెంబు పట్టుకుని లారీకి కాస్త ఎదురు రా తల్లీ. నువ్వెదురొస్తే ఇంక తిరుగుండదు."

పిల్ల లేచి నిలబడింది గానీ వెర్నియర్ వదల్లేదు.

"రానండి. తప్పుగా అనుకోకండి సార్. నేనెదురు రాబట్టి పాసయిందంటే, రేపు ఫెయిలైనప్పుడు కూడా నా వల్లే అంటారండి. మొన్న అలాగే కదాండీ అన్నారు. లోడులో ప్రతి ప్లేటూ నేను కొలిచాను. మేస్త్రీ గారు సరిగ్గా వేశారు. అందుకే వెళుతోందండి. నా కాళ్ళలో ఏమీ లేదు సార్."

ఓనరు గారి మొహం ముడుచుకుపోయింది. ఆ పిల్ల ట్రైనింగ్ కాగితం మీద ఆయన సంతకం ఇంకా పడాల్సే ఉంది. వెనకే వచ్చిన మేస్త్రీ గారు మాత్రం "కొలవనివ్వండి బాబూ, మధ్యలో లేపితే లెక్క తప్పుద్ది" అని చెంబు ఆయన చేతిలోంచి మెల్లగా అందుకుని కింద పెట్టారు.

"పోనీ మీరు రండి మేడమ్ గారూ" అన్నారు ఓనరు గారు దీనంగా నా వైపు తిరిగి.

"నా చేతిలో టీ ఉందండి" అన్నాను.

చేసేది లేక ఆయన గేటు దగ్గరికి నడిచారు. నేనూ వెనకే వెళ్ళాను. డ్రైవరు ఇంజను స్టార్టు చేసి, గేరు వేసి, ఓనరు గారి చేతి సైగ కోసం చూస్తున్నాడు. సరిగ్గా అప్పుడు నేను తుమ్మాను.

అది దానంతటదే వచ్చిన తుమ్మా, నేను తెచ్చిపెట్టుకున్న తుమ్మా అని మీరడక్కండి, నేను చెప్పను. ఒక్కటే తుమ్ము, అదీ లారీకి ఎదురుగా. అంతకన్నా అపశకునం మా వైపు లేదు. ఒంటి తుమ్ముకి పెళ్ళివారే తిరిగి లోపలికెళ్ళి, కాళ్ళు కడుక్కుని, మంచినీళ్ళు తాగి గానీ కదలరు. డ్రైవరు ఎవరూ చెప్పకుండానే ఇంజను ఆపేశాడు. మేస్త్రీ గారు "శివశివా" అన్నారు. వసారాలోంచి మామ్మగారు "ఆపండ్రా!" అని కేక వేశారు.

ఓనరు గారు చెయ్యి పైకెత్తారు. నా వంక కొరకొరా చూశారు. తర్వాత షెడ్డులోకి చూశారు. అక్కడ మా అమ్మాయి ఇవేవీ పట్టనట్టు ఇంకో ప్లేటు తిప్పి, కొలిచి, సుద్దముక్కతో గుర్తు పెట్టి పక్కన పేర్చింది. ఆయన ఎత్తిన చెయ్యి దింపి, లారీ తలుపు మీద గట్టిగా చరిచారు.

"పోనియ్యెహె" అన్నారు డ్రైవరుతో. "అమ్మాయి కొలిచింది."